నీట్, ఖేన్, వెనక్కి నడిచే క్రియ: డచ్ నేర్చుకున్న నా అనుభవం

డచ్ మొదలుపెడుతున్న తెలుగువాళ్లు ఎవరు సలహా అడిగినా నేను చెప్పేది ఒకటే: వ్యాకరణం దగ్గరికి వచ్చేసరికి ఇంగ్లీషును కాసేపు మర్చిపోండి. మాటలు గుర్తుపెట్టుకోవడానికి ఇంగ్లీషు బాగానే పనికొస్తుంది. డచ్‌లో 'వాటర్' నీళ్లే, 'బూక్' పుస్తకమే, 'మెల్క్' పాలే. కానీ వాక్యం కట్టాల్సి వచ్చినప్పుడు అదే ఇంగ్లీషు కాళ్లకు అడ్డం పడుతుంది. అక్కడ నన్ను ఒడ్డున పడేసింది తెలుగే. అన్నిచోట్లా కాదులెండి, ఒకచోట మాత్రం మన తెలుగు పూర్తిగా చేతులెత్తేసింది.

నేనుండేది నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో. పక్కనే వెల్డ్‌హోవెన్‌లో చిప్‌ల తయారీ యంత్రాలు చేసే ఏఎస్ఎంఎల్ కంపెనీ, ఇటువైపు హైటెక్ క్యాంపస్. ఆఫీసులో అంతా ఇంగ్లీషే. బయట షాపులో ధైర్యం చేసి రెండు డచ్ ముక్కలు మాట్లాడితే, మన యాస వినగానే ఎదుటివాళ్లు ఇంగ్లీషులోకి మారిపోతారు. వాళ్లు మర్యాదకే చేస్తారు, నేర్చుకునేవాడికి మాత్రం అది పెద్ద శాపం. ఏళ్ల తరబడి ఇక్కడే ఉంటూ 'దాంక్ య వెల్' (థాంక్యూ) దాటని మనవాళ్లు ఉన్నారంటే కారణం ఇదే. నన్ను కదిలించింది శాశ్వత నివాసం. ఇండియా రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు కాబట్టి మనలో చాలామంది డచ్ పాస్‌పోర్టు జోలికి పోకుండా దీనివైపే చూస్తారు. ఐదేళ్లు ఉంటే చాలదు, 'ఇన్‌బుర్ఖరింగ్' పరీక్ష, అంటే ఇక్కడి భాషా సమాజమూ తెలుసని చూపించే పరీక్ష, కూడా పాసవ్వాలి. చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం, దాంతోపాటు ఈ దేశపు సమాజం గురించి ఒక పేపరు. 2022 జనవరి 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, ఈ పరీక్ష తప్పనిసరి అయినవాళ్లకు బీ1 అనే భాషా స్థాయి పెట్టింది. ఉద్యోగం మీద వచ్చిన నాలాంటివాళ్లకు ఆ నిర్బంధం లేదు, శాశ్వత నివాసానికి దానికన్నా ఒక మెట్టు కిందిదైన ఏ2 సరిపోయింది.

అలా సాయంత్రం క్లాసులో చేరాను. టర్కీ, పోలండ్, బ్రెజిల్, సిరియా వాళ్లంతా ఒకే గదిలో. పుస్తకం డచ్‌లో, అర్థం కాకపోతే వివరణ ఇంగ్లీషులో.

ఒక మాట ముందే చెప్పాలి. డచ్‌లో 'జీ' అక్షరాన్ని గొంతులో గరగరలాడించి పలుకుతారు. దానికి దగ్గరగా ఉంటుందని ఇక్కడ 'ఖ' రాస్తున్నాను. మా ఊరున్న బ్రాబాంట్ ప్రాంతంలో అది కాస్త మెత్తగా వినిపిస్తుంది, ఆమ్‌స్టర్‌డామ్ వెళ్తే గట్టిగా గీరినట్టుంటుంది.

మొదట పడ్డ చిక్కు కాదనడం, లేదనడం. డచ్‌లో దీనికి రెండు మాటలున్నాయి: 'నీట్', 'ఖేన్'. (నీట్ అంటే మెడికల్ ఎంట్రన్స్ గుర్తొచ్చి మా ఇంట్లో అందరూ నవ్వారు.) తెలుగులో కూడా రెండున్నాయి కదా, లేదు, కాదు. ఇంకేముంది, 'ఖేన్' అంటే లేదు, 'నీట్' అంటే కాదు అని సరిపెట్టేయొచ్చు అనిపిస్తుంది. 'ఇక్ హెప్ ఖేన్ ఖెల్ట్', నా దగ్గర డబ్బు లేదు. 'డాట్ ఇస్ నీట్ వార్', అది నిజం కాదు. ఇంతవరకు అతికినట్టే ఉంది. వెంటనే వస్తుంది 'ఇక్ బెన్ ఖేన్ డోక్టర్', నేను డాక్టర్ని కాదు. మరి 'హెయ్ ఇస్ నీట్ టాయిస్'? అతను ఇంట్లో లేడు. లెక్క తారుమారైంది. డచ్ చూసే తేడా మనం చూసే తేడా కాదు. ఉనికా, గుర్తింపా అని మనం చూస్తాం. వాళ్లు చూసేది నామవాచకం ముందు ఏముందన్నది. 'ఒక కారు', 'ఒక డాక్టర్' అన్నట్టు ముందు 'అన్' ఉన్నా, డబ్బు, పాలు, మాంసం లాగా ముందు ఏమీ లేకుండా ఊరికే వచ్చినా, కాదనేటప్పుడు అక్కడ 'ఖేన్' వస్తుంది. 'ఆ కారు', 'మా అమ్మాయి' అని ఖాయంగా తెలిసినదైతే 'నీట్'. క్రియనో, విశేషణాన్నో, చోటునో కాదంటే కూడా 'నీట్'.

ఇందులో తెలుగువాడికి వింతగా తోచేది, కాదనడం క్రియను వదిలి నామవాచకం మీద వాలడం. 'నేను మాంసం తినను' అన్నప్పుడు మనం తినడాన్నే కాదంటాం. వాళ్లు 'ఇక్ ఏట్ ఖేన్ ఫ్లేస్' అంటారు. అక్కడ తినడం అలాగే ఉంది, లేనిదల్లా మాంసం. ఇక్కడ శాకాహారులైన తెలుగువాళ్లకు డచ్ అసలు రాకపోయినా ఈ వాక్యం మాత్రం కంఠతా వస్తుంది. ఆఫీసు క్యాంటీన్లో శాండ్‌విచ్ ముందు నిలబడి చెప్పాల్సిందదే మరి. 'ఖేన్' అలవాటు కావడానికి అంతకన్నా మంచి వాక్యం నాకు దొరకలేదు.

దీనికి తోడు 'వెల్' అని ఒకటుంది. పాఠ్యపుస్తకంలో ఎక్కడో మూలన ఉంటుంది, వీధిలో మాత్రం పోస్టు డబ్బాల మీద కనిపిస్తుంది. ఇక్కడ చాలా ఇళ్లకు 'నే–యా' స్టిక్కర్ ఉంటుంది. 'నే' వైపు, పేరు రాయకుండా వచ్చే ప్రకటన కాగితాలు వద్దు అని 'ఖేన్'తో రాసి ఉంటుంది. 'యా' వైపు, ఉచితంగా పంచే ఊరి పత్రికలు మాత్రం వెయ్యండి అని 'వెల్'తో రాసి ఉంటుంది. కాదన్నదానికి ఎదురుగా అవునని నొక్కి చెప్పే మాట ఇది. 'నీకు టైం లేదు కదా' అని ఎవరైనా అంటే 'ఇక్ హెప్ వెల్ టెయ్ట్', నాకు టైం ఉంది. మనమైతే 'ఉంది' అన్న చోట గొంతు పెంచి సరిపెడతాం. డచ్‌వాళ్లు ఆ గొంతు పెంచడానికి ఒక మాటనే పెట్టుకున్నారు.

ఎవరూ, ఎప్పుడూ, ఏమీ లాంటివి వచ్చినప్పుడు మాత్రం తెలుగును కాస్త ఆపాలి. 'ఎవరూ రాలేదు' అని క్రియను కూడా కాదంటేగానీ మనకు వాక్యం పూర్తికాదు. పోలిష్‌లోనూ అంతేనట. క్లాసులో నా పక్కన కూర్చునే పోలండ్ ఆయనకు కూడా 'నీమాంట్' (ఎవరూ) అనగానే చెయ్యి 'నీట్' వైపు వెళ్లేది. డచ్‌లో 'నీమాంట్' అంటే చాలు, అందులోనే 'లేదు' ఉంది. 'నోయ్ట్' (ఎప్పుడూ), 'నీట్స్' (ఏమీ) కూడా అంతే. పక్కన ఇంకో 'నీట్' పెడితే అర్థం తిరగబడి, అందరూ వచ్చారన్నట్టవుతుంది.

ఇక అసలు తలనొప్పి, 'నీట్' వాక్యంలో ఎక్కడ కూర్చుంటుంది? పుస్తకంలో దీనికి పెద్ద పట్టికే ఇచ్చారు. ఖాయమైన కర్మ తర్వాత, కాలం చెప్పే మాట తర్వాత, విభక్తి లాంటి మాటతో మొదలయ్యే పదబంధానికి ముందు, విశేషణానికి ముందు... 'ఇక్ వెర్క్ మోర్ఖన్ నీట్' అంటే రేపు పని చేయను, ఇక్కడ 'నీట్' చివర. 'ఇక్ వెర్క్ నీట్ ఓప్ ఫ్రెయ్‌డాఖ్' అంటే శుక్రవారాల్లో పని చేయను, ఇక్కడ 'నీట్' మధ్యలో. రెండూ కాలం చెప్పేవే కదా! ఆ పట్టికను బట్టీ పట్టే ప్రయత్నం నేను చెయ్యలేదు. క్రియ సంగతి తేలాక దాని గుట్టు విడిపోయింది. అది తర్వాత చెప్తాను.

తెలుగు చేతులెత్తేసిందన్నాను కదా, అది విశేషణాల దగ్గర. డచ్‌లో నామవాచకాలు రెండు జాతులు: ఇంగ్లీషు 'ది' స్థానంలో 'డ' వచ్చే డ పదాలు, 'హెట్' వచ్చే హెట్ పదాలు. విశేషణం నామవాచకం ముందు వస్తే చివర చిన్న 'అ' చేరుతుంది: 'ఖ్రోట్' అంటే పెద్ద, 'అన్ ఖ్రోట ఔటో' అంటే పెద్ద కారు. ఒక్కచోట మాత్రం చేరదు. అది హెట్ పదమై ఉండాలి, ఏకవచనం కావాలి, 'ఆ' అని ఖాయం చేయనిదై ఉండాలి. ఈ మూడూ కలిసొస్తేనే 'అ' ఉండదు: 'అన్ ఖ్రోట్ హాయిస్', ఒక పెద్ద ఇల్లు. అదే ఇంటిని 'హెట్' పెట్టి ఖాయం చేస్తే 'హెట్ ఖ్రోట హాయిస్'. బహువచనమైతే అన్నీ డ పదాలే, 'అ' తప్పదు. నామవాచకం తర్వాత, 'ఉంది' పక్కన వస్తే ఏమీ చేరదు: 'డ ఔటో ఇస్ ఖ్రోట్'.

మన పద్ధతి దీనికి సరిగ్గా తలకిందులు. 'పెద్ద ఇల్లు', 'పెద్ద కారు', 'పెద్ద ఇళ్లు', ముందు వచ్చినప్పుడు 'పెద్ద' మారదు. తర్వాత వస్తేనే 'ఇల్లు పెద్దది', 'ఆయన పెద్దవాడు' అని తోక తగిలిస్తాం. వాళ్లు ముందు తోక పెట్టి తర్వాత పీకేస్తారు. ఇంగ్లీషులో ఈ గొడవే లేదు కాబట్టి అదీ ఆదుకోదు. చెవిని నమ్ముకోవడం ఒక్కటే మిగిలింది.

ఆ చెవికి పాఠం చెప్పింది సూపర్ మార్కెట్ కౌంటర్. బిల్లు చేతిలో పెట్టి 'ఫెయ్న డాఖ్' అంటారు, మంచిగా గడవాలి ఈ రోజు అని. సాయంత్రమైతే 'ఫెయ్న ఆవొంట్'. శుక్రవారం వచ్చిందంటే 'ఫెయ్న్ వీకెంట్', 'అ' మాయం! రోజు, సాయంత్రం డ పదాలు, వారాంతం హెట్ పదం. నియమం మొత్తం రోజూ ఉచితంగా వినిపిస్తోంది, మనం కవర్లు సర్దుకునే హడావిడిలో పట్టించుకోం. డిసెంబరులో 'ఫెయ్న ఫేస్ట్‌డాఖన్', పండగ రోజులు కదా, బహువచనం. ఆ వెంటనే 'ఖలుక్కఖ్ నీవ్‌యార్', కొత్త సంవత్సరం హెట్ పదం కాబట్టి 'అ' లేదు. ఇలాంటివి నాలుగు నోటికి వచ్చాక కొత్త పదాన్ని వాటి పక్కన పెట్టి పోల్చుకోవడం మొదలుపెట్టాను: ఇది 'డాఖ్' జట్టా, 'వీకెంట్' జట్టా? 'ఖూట్ ఈడే', మంచి ఆలోచన, వీకెంట్ జట్టు. 'ఖూడ ఫ్రాఖ్', మంచి ప్రశ్న, డాఖ్ జట్టు. మాట్లాడేటప్పుడు దాన్ని 'ఖూయ ఫ్రాఖ్' అంటారు, పుస్తకంలో ఆ రూపం కోసం వెతికితే దొరకదు.

ఏది డ, ఏది హెట్ అని ముందే చెప్పే గట్టి నియమం లేదు. డ పదాలే చాలా ఎక్కువ కాబట్టి హెట్ పదాలను మాత్రం గుర్తుపెట్టుకోవడం మేలు. ఆశ్చర్యమేమిటంటే, డచ్ పిల్లలు కూడా చాలాకాలం హెట్ బదులు డ వాడేస్తారు. కొన్ని పదాల్లో పెద్దవాళ్లకూ రెండూ చెల్లుతాయి, మూత అనే అర్థమున్న 'డెక్సల్' అలాంటిదే. ఒక దొడ్డిదారి ఉంది. చివర '-య' చేర్చి ముద్దుపేరు చేస్తే ఏ పదమైనా హెట్ అయిపోతుంది. 'కోఫీ' డ పదం కాబట్టి 'లెక్కర కోఫీ', రుచైన కాఫీ. దాన్నే 'అన్ లెక్కర్ కోప్య కోఫీ', ఒక చిన్న కప్పు రుచైన కాఫీ అంటే, కప్పు హెట్ పదమైంది కాబట్టి 'అ' పోయింది. డచ్‌వాళ్లు ప్రతిదాన్నీ చిన్నది చేసి మాట్లాడతారు కాబట్టి ఈ దారి అసహజంగా కూడా ఉండదు.

ఇదే '-య' వల్ల 'మెయ్ష్య', అమ్మాయి, హెట్ పదం. అంటే నపుంసకలింగం. క్లాసులో దీనిమీద పెద్ద నవ్వులు, అమ్మాయి వస్తువెలా అవుతుందని. నాకు నవ్వు రాలేదు. 'అమ్మాయి వచ్చింది', 'ఆవు వచ్చింది', 'బస్సు వచ్చింది', అని మనం ఎప్పటినుంచో ఒకే గాటన కట్టేస్తున్నాం కదా!

ఇక క్రియ. నాకు డచ్ మీద ప్రేమ పుట్టింది ఇక్కడే.

పుస్తకం చెప్పే క్రమం ఇది: ముందు సాదా వాక్యం, క్రియ రెండో స్థానంలో. తర్వాత చాలా పాఠాలకు 'ఓమ్‌డాట్' (ఎందుకంటే), 'డాట్' (అని), 'అల్స్' (అయితే) వచ్చే ఉపవాక్యం, అందులో క్రియ చివరికి పోతుంది. రెండోది కష్టమని, భయపడొద్దని ముందే ధైర్యం చెప్పారు. ఆ పాఠం వచ్చిన రోజు బ్రెజిల్ అమ్మాయి నిజంగానే తల పట్టుకుంది. నేనూ, టర్కీ ఆయనా మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. 'ఓమ్‌డాట్ ఇక్ మోర్ఖన్ నార్ యూట్రెఖ్ట్ ఖా'. ఓమ్‌డాట్‌ను పక్కన పెట్టి మాట మాటా చదవండి: నేను, రేపు, యూట్రెఖ్ట్‌కి, వెళ్తున్నాను. ఇందులో భయపడాల్సిందేముంది? మనింట్లో మాట్లాడుకునే వరసే. టర్కిష్‌లోనూ క్రియ చివరే వస్తుంది, అందుకే ఆయనకూ అది పాఠంలా అనిపించలేదు.

తర్వాత తెలిసింది, ఇది నా ఊహ కాదని. యాన్ కోస్టర్ అనే డచ్ భాషాశాస్త్రవేత్త 1975లోనే డచ్ అసలు వరస కర్త, కర్మ, క్రియ అని వాదించారు. సాదా వాక్యంలో క్రియ రెండో చోట కనిపించడం, చివర ఉన్నది ముందుకు జరగడం వల్లేనని. అది చదివాక పుస్తకాన్ని తిరగేసి చదవడం మొదలుపెట్టాను. ముందు తెలుగు వరసలో వాక్యం అనుకోవడం, తర్వాత క్రియను ఒక్కదాన్ని పట్టుకొచ్చి రెండో చోట నిలబెట్టడం. అంతే.

పాపను బడి నుంచి తీసుకురావడాన్ని 'ఓప్‌హాలన్' అంటారు. ఈ క్రియ రెండు ముక్కలుగా విడిపోతుంది: 'ఇక్ హాల్ మెయ్న్ డోఖ్టర్ ఓప్'. ఇంగ్లీషు మీదుగా వస్తే, ఈ 'ఓప్' చివరికి ఎందుకు పోయిందని బుర్ర గోక్కోవాలి. తెలుగు మీదుగా వస్తే అది ఎక్కడికీ పోలేదు. 'ఇక్ మెయ్న్ డోఖ్టర్ ఓప్‌హాల్', నేను మా అమ్మాయిని తీసుకొస్తాను, ఇదీ అసలు వరస. ఇందులోంచి 'హాల్' లేచి ముందుకు వెళ్లింది, 'ఓప్' ఉన్నచోటే ఉండిపోయింది.

'నీట్' గుట్టు విడిపోయింది కూడా ఇక్కడే. 'ఓమ్‌డాట్ ఇక్ హార్ ఫాన్‌డాఖ్ నీట్ ఓప్‌హాల్'. నేను తనను ఇవాళ తీసుకురావట్లేదు కాబట్టి. మనం కాదనడాన్ని చివర క్రియకు అతికిస్తాం, డచ్ దాన్ని ఆ క్రియకు కాస్త ముందు పెడుతుంది, దాదాపు అదే చోటు. ఇప్పుడు క్రియను ముందుకు జరిపితే 'ఇక్ హాల్ హార్ ఫాన్‌డాఖ్ నీట్ ఓప్'. నీట్ కదల్లేదు. 'ఇక్ బఖ్రెయ్ప్ హెట్ నీట్', అర్థం కాలేదు అన్నప్పుడు 'నీట్' వాక్యం చివర ఒంటరిగా కనిపిస్తుంది. నిజానికి దాని వెనక క్రియ ఉండాలి, అది ముందుకు వెళ్లిపోయింది. 'ఓప్ ఫ్రెయ్‌డాఖ్', 'ఇన్ ఆమ్‌స్టర్‌డామ్' లాంటివి క్రియను అంటిపెట్టుకునేవి కాబట్టి 'నీట్' వాటికి ముందు ఆగుతుంది. 'మోర్ఖన్' లాంటి ఒంటి మాట అంత దగ్గరిది కాదు, 'నీట్'కు ముందే ఉంటుంది. ప్రతి వాక్యానికీ ఇది అచ్చంగా సరిపోతుందని చెప్పను, ఒకదాన్నే నొక్కి కాదనాలంటే 'నీట్' దాని ముందుకు పోతుంది. అయినా పెద్ద పట్టిక కన్నా నాకిదే నయమనిపించింది.

అలవాటు కావడానికి టైం పట్టింది మాత్రం 'రెండో స్థానం'. రెండో స్థానమంటే రెండో మాట కాదు. 'డ ట్రెయ్న్ నార్ యూట్రెఖ్ట్ రెయ్ట్ ఫాన్‌డాఖ్ నీట్', యూట్రెఖ్ట్ వెళ్లే రైలు ఇవాళ నడవదు. 'యూట్రెఖ్ట్ వెళ్లే రైలు' మొత్తం ఒకటో స్థానం. 'ఇవాళ'ను ముందుకు తెస్తే 'ఫాన్‌డాఖ్ రెయ్ట్ డ ట్రెయ్న్ నార్ యూట్రెఖ్ట్ నీట్', రైలు క్రియ వెనక్కి తప్పుకుంటుంది. మన నోటికి 'ఇవాళ నేను', 'నిన్న నేను' అని రావడం సహజం, ఇంగ్లీషూ దానికే వంత పాడుతుంది. ఆ 'నేను'ను ఆపి ముందు క్రియను అనడానికి నేను పట్టుకున్న వాక్యం 'డాట్ వేట్ ఇక్ నీట్'. అది నాకు తెలియదు. 'అది' ముందు, 'తెలుసు' రెండో చోట, 'నేను' తర్వాత. రోజూ వాడాల్సిన అవసరం కూడా బాగానే పడింది!

ఉపవాక్యం ముందొస్తే ఇంకా బాగుంటుంది. 'అల్స్ హెట్ రేఖంట్, నేమ్ ఇక్ డ బస్', వాన పడితే బస్సెక్కుతాను. ఉపవాక్యం మొత్తం ఒకటో స్థానం కాబట్టి కామాకు అటో క్రియ, ఇటో క్రియ. రాసేటప్పుడు కామా దగ్గర రెండు క్రియలు కనబడితే వాక్యం సరైన దారిలో ఉన్నట్టే. 'వాంట్' అనే మాటకు మాత్రం ఈ తంటా లేదు. దానర్థమూ 'ఎందుకంటే'నే, కానీ క్రియను కదిలించదు. పరీక్షకు వెళ్లేవాళ్లలో కొందరు ఓమ్‌డాట్‌ను పూర్తిగా ఎగ్గొట్టి వాంట్‌తో నెట్టుకొస్తారు. తెలుగువాళ్లకు ఆ అవసరమే లేదని నా అభిప్రాయం.

చివర రెండు క్రియలుంటే ఏది ముందు అని కూడా ఓ చర్చ ఉంది. 'నేను చేశానని' అనడానికి 'డాట్ ఇక్ హెట్ హెప్ ఖడాన్' అన్నా, 'ఖడాన్ హెప్' అన్నా ఒప్పే. మొదటిదాన్ని ఎర్ర వరస, రెండోదాన్ని పచ్చ వరస అంటారు, ఓ మాండలిక పటంలో వాడిన రంగులను బట్టి వచ్చిన పేర్లట. 'చేసి ఉన్నాను' అనే మనకు పచ్చదే సుఖం.

మాట్లాడే పరీక్షలో ఎదురుగా మనిషి ఉండడు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కంప్యూటర్‌కు జవాబు చెప్పాలి. చుట్టూ అందరూ ఒకేసారి వాళ్ల వాళ్ల కంప్యూటర్లతో మాట్లాడుతుంటే టెన్షన్ తప్పదు. అయితే కంప్యూటర్ ఇంగ్లీషులోకి మారిపోదు, అది నాకు చాలా నచ్చింది. జవాబుల్లో కారణం అడిగిన ప్రతిచోటా ఓమ్‌డాట్ వాడాను. రాసే పరీక్షలో చిన్న ఈమెయిల్, ఫారం లాంటివి. అక్కడ విశేషణాల తోకలు ఎన్ని నిలిచాయో, ఎన్ని ఊడాయో తెలియదు. పాసయ్యాను, అంతవరకు తెలుసు.

ఇప్పుడు ఎవరూ అడగకపోయినా బీ1 పుస్తకం తెరిచాను. 'ఎర్' అనే రెండక్షరాల మాట దగ్గర ఆగి ఉంది బండి. 'అక్కడ', 'దాని గురించి', 'వాటిలో', కొన్నిచోట్ల అసలు ఏ అర్థమూ లేకుండా కూడా వస్తుంది. మా అమ్మాయి దాన్ని ఆలోచించకుండా సరైన చోట పడేస్తుంది. ఎందుకక్కడ పెట్టావని అడిగితే భుజాలెగరేస్తుంది.